మజ్జిగ బాకీ

ఇంటికొచ్చిన అతిథిని దేవుడనుకోమని ఉపనిషత్తుల కాలం నుంచీ మన పెద్దలు చెబుతూనే ఉన్నారు. కాళ్ళకి నీళ్ళివ్వాలి, కూర్చోబెట్టాలి, ఉన్నదాంట్లో ఇంత పెట్టాలి, వెళ్ళేటప్పుడు వీధి గుమ్మం దాకా వెళ్ళి సాగనంపాలి. ఇదంతా మనకి ఉగ్గుపాలతోనే పట్టించారు. బాగానే ఉంది. కానీ, ఇంకొకరి గుమ్మంలోకి మనం అతిథిగా వెళ్ళినప్పుడు ఎలా ఉండాలో మీకెవరైనా చెప్పారా? నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. నలభై దాటాక, గోదావరి గట్టు కింద ఒక ముసలావిడ చెప్పింది. అదీ రెండు హస్తాల అరటిపళ్ళు చేతిలో పెట్టి మరీ చెప్పింది.

కాకినాడలో కలిసి బి.ఏ. చదువుకున్నవాళ్ళం పదిమందిమి ఇప్పటికీ ఏడాదికోసారి కలుస్తాం. మొదట్లో కార్తీకమాసం వనభోజనాలకి కలిసేవాళ్ళం. పేరుకే వనభోజనం. వంటవాళ్ళు వండి తెచ్చింది తినడం, చీరలూ నగలూ ముచ్చట్లు చెప్పుకోవడం, నడుం వాల్చడం. ఇలా ఉండగా మాలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న ఆవిడకి షుగరొచ్చింది. డాక్టరు రోజూ నడవమన్నాడు. "నేనొక్కదాన్నే ఎందుకు నడవాలి? అందరూ నడవండి" అంది. చదువుకునే రోజుల నుంచీ ఆవిడ మాటే మా అందరికీ శాసనం. అప్పట్నించీ మా వనభోజనాలు నడకల్లోకి దిగాయి.

పోయిన ఏడాది మార్గశిరంలో, కోటిపల్లికి ఎగువన ఒక ఊళ్ళో తెల్లారకుండానే ఏటిగట్టు ఎక్కాం. నది వెంబడే కోటిపల్లి దాకా నడిచి, సోమేశ్వరస్వామిని చూసుకుని, రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరంలో తేలాలని మా పథకం. ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలుతుందని మీకు తెలుసుగా. మేం నడిచింది గౌతమి ఒడ్డున. లెక్చరరుగా పనిచేస్తున్న స్నేహితురాలు డిగ్రీ చదువుతున్న తన కూతుర్ని కూడా తీసుకొచ్చింది. ఆ పిల్లతో కలిపి పదకొండుమందిమి.

కుడిచేతి వైపు ఏరు. ఏటికీ గట్టుకీ మధ్య లంక భూములు, అరటి తోటలు, వంగమళ్ళు. ఎడంచేతి వైపు కోతలైన వరిచేలు. మంచు ఇంకా విడలేదు. మొదటి గంట ఎవరూ మాట్లాడలేదంటే నమ్మండి. పదిమంది ఆడవాళ్ళం, గంటసేపు! మా వారితో చెబితే ఇప్పటికీ నమ్మరు.

ఆ గట్టు మీద నడుస్తూంటే కాటన్ దొర గుర్తు రాకుండా ఉండడు. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. ఆ పాత ఆనకట్ట బదులు ఇప్పుడున్న బ్యారేజీ 1982లో పూర్తయింది, పేరు మాత్రం ఆయనదే. ఏటా మే 15న ఆయన పుట్టినరోజుకి ఊరూరా విగ్రహాలకి దండలు వేస్తారు. ఒక పరాయి దేశం మనిషికి మేం బాకీ పడ్డాం అని చెప్పుకోవడానికి ఇక్కడి రైతులకి నామోషీ లేదు కదా అనుకున్నాను. అప్పటికి ఏదో పైపైన అనుకున్నదే.

కొంచెం పొద్దెక్కాక గట్టు మీద ఒకతను బుట్టతో జామకాయలు పెట్టుకుని కూర్చున్నాడు. ధర చెప్పాడు. అలవాటు కొద్దీ బేరమాడి ఇరవై రూపాయలు తగ్గించాను. "దీన్ని మించినవాళ్ళు లేరు" అని అందరూ మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయాను. ఈ ఇరవై రూపాయల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

మధ్యాహ్నానికి ఎండ చురుక్కుమంది. మార్గశిరమే అయినా గట్టు మీద నీడ ఉండదు. సీసాల్లో నీళ్ళు అడుగంటాయి. గట్టు దిగి, లోపలికి పోయే పుంత పట్టుకుని వెళితే పది పదిహేను ఇళ్ళు కనిపించాయి. ఆ ఊరి పేరు రాయను. ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ ఎవరూ పోకూడదని.

మొదటి ఇంటి ముందే ఒక పెద్దావిడ కొబ్బరీనెలు చీరుతూ కూర్చుంది. డెబ్భై ఏళ్ళు ఉంటాయేమో. పక్కన పదేళ్ళ మనవరాలు. "కాసిని మంచినీళ్ళు ఇస్తారా అమ్మా?" అని అడిగాను.

ఆవిడ చీపురు పుల్లలు పక్కన పెట్టి లేచింది. మమ్మల్ని ఒకసారి ఎగాదిగా చూసింది. "ఎండనపడి వచ్చారు, నీళ్ళేటండి, చల్లుంది" అంది. అని, ఒక్క క్షణం ఆగింది. "మేం పేటోళ్ళవండి. మా చేతి చల్ల పుచ్చుకుంటారాండీ?"

ఆ ప్రశ్న అడగడంలో ఆవిడ మొహంలో సిగ్గు లేదు, దీనత్వం అంతకన్నా లేదు. చెప్పాల్సినది ముందే చెప్పేయడం మర్యాద అన్నట్టు చెప్పింది. సిగ్గు మాకే వేసింది. "అయ్యో, అదేం మాటండీ, ఇవ్వండి" అని పదకొండు గొంతులూ ఒక్కసారే లేచాయి, ఉండాల్సిన దానికంటే ఓ మెట్టు పైనే.

లోపల కవ్వం చప్పుడు వినిపించింది. ఉప్పూ, నలిపిన నిమ్మాకూ వేసి తెచ్చింది. ఇంట్లో ఉన్నవి నాలుగే గ్లాసులు. కడిగి కడిగి పోస్తోంది మనవరాలు. కొంతమందికి రెండోసారి కూడా పోసింది. నాక్కూడా. అంత చల్లటి మజ్జిగ నేను మా అమ్మమ్మ ఇంటి తర్వాత తాగలేదు.

తాగుతూ మాటల్లో పడ్డాం. లెక్చరరు "ఎంత అదృష్టవంతులమ్మా, ఇంత అందమైన చోట ఉంటున్నారు" అంది. ఆవిడ నవ్వి, పెరట్లో కొబ్బరిచెట్టు దగ్గరికి తీసుకెళ్ళింది. మానుకి నా తలకంటే జానెడు ఎత్తున కత్తితో నరికిన గాటు ఉంది. "ఎనభయ్యారు వరదండి. గండి పడి ఇక్కడిదాకా వచ్చేసింది. నా మొగుడెట్టిన గుర్తది" అంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి పారిన వరద అది. "గట్టు మీదే ఉన్నామండి. చిన్నోడు కడుపులో ఉన్నాడు. ఎవరెట్టింది తిన్నామో, ఎవరు కప్పింది కప్పుకున్నామో. అప్పుడెవరూ మీరే పేటా అని అడగలేదండి. నీరు తీసాకా మళ్ళీ మామూలే."

లెక్చరరు మరి అందం మాట ఎత్తలేదు.

బయల్దేరేముందు నేను చేసిన పని చెప్పాలి. పదకొండుమందిమి ఒక పేదింటి మజ్జిగ కుండ ఖాళీ చేశామని మనసు పీకుతోంది. పర్సులోంచి రెండు వందల నోటు తీసి, మనవరాలి చేతిలో పెట్టి, గుప్పిట మూసి, "చాక్లెట్లు కొనుక్కో తల్లీ" అన్నాను. మనందరం చేసేదే కదా! ఆ పిల్ల గుప్పిట విప్పి చూసుకుని, తిన్నగా నాయనమ్మ చేతిలో పెట్టింది.

ఆవిడ నోటు చూసింది. నన్ను చూసింది. కోప్పడుతుందనుకున్నాను. వద్దంటుందనుకున్నాను. రెండూ కాదు. నోటు మడిచి బొడ్లో దోపుకుని, పెరట్లోకి వెళ్ళి, వేలాడదీసిన గెలలోంచి రెండు హస్తాలు కోసుకొచ్చి నా చేతుల్లో పెట్టింది.

"ఇయ్యి ఆ డబ్బులకండి. చల్ల మటుకు మాదేనండి" అంది.

మళ్ళీ గట్టెక్కాక చాలాసేపు ఎవరం నోరు విప్పలేదు. ఇది పొద్దుటి మౌనం లాంటిది కాదు. చివరికి బ్యాంకావిడే అందుకుంది. "నువ్విచ్చింది తప్పేం కాదే. మనం ఉన్నవాళ్ళం, వాళ్ళు లేనివాళ్ళు. ఊరికే తాగేసి, దానికి ఆప్యాయత అని పేరెట్టుకుని చక్కా రావడం మనకి చౌక బేరం. పాలు ఊరికే రావుగా."

"ఇంటికొచ్చినవాళ్ళకి ఇచ్చింది. అమ్మలేదు. డబ్బు చూపించి ఆవిణ్ణి కొట్టుమనిషిని చేశాం" అంది లెక్చరరు.

నిజానికి నాకు ఇద్దరి మాటా సబబుగానే తోచింది. బ్యాంకావిడ మాట తీసిపారేసేది కాదు. పెద్ద మనసు, పల్లెటూరి ఆప్యాయత అంటూ పేదవాళ్ళ దగ్గర ఉచితంగా పుచ్చుకోవడం పట్నంవాళ్ళకి బాగా అలవాటు. ఊరికే తీసుకుని తృప్తిగా త్రేన్చడం కంటే డబ్బివ్వడమే నయం కదా అనిపించింది. మరి నా ప్రాణం ఎందుకు చివుక్కుమన్నట్టు?

వెనకాల నడుస్తున్న డిగ్రీ పిల్ల అప్పుడంది: "ఆంటీ, ఆవిడ 'పుచ్చుకుంటారా' అని అడిగింది దాహం గురించి కాదుగా?"

నేను నడక ఆపేశాను.

నిజమే కదా! సోడా కొట్లో సోడా తాగేటప్పుడు కొట్టువాడు ఎవరని మనం అడుగుతామా? హోటల్లో వండినవాళ్ళెవరో, వడ్డించినవాళ్ళెవరో ఎవరికి కావాలి? డబ్బిస్తే ఎవరి చేతిదైనా నోట్లోకి పోతుంది. మడీ దడీ పాటించేవాళ్ళు కూడా రైలు ప్రయాణాల్లో సర్దుకుపోయేవాళ్ళు. డబ్బివ్వకుండా, ఒకరింటి అరుగు మీద కూర్చుని, వాళ్ళ గ్లాసుతో తాగినప్పుడు మాత్రమే అది 'పుచ్చుకోవడం' అవుతుంది. ఆవిడ ధైర్యం చేసి ఆ మాట అడిగింది. మేం పుచ్చుకుంటాం అన్నాం. అని, పావుగంట తిరక్కుండా నోటు తీసి, పుచ్చుకున్నదాన్ని కొనుక్కున్నదిగా మార్చేశాను. ఇచ్చిన జవాబు మెల్లిగా వెనక్కి తీసేసుకున్నానన్నమాట. నా మనసులో అలాంటి ఉద్దేశం లేదని మీతో ప్రమాణం చేసి చెప్పగలను. కానీ నా చెయ్యి చేసిన పని అదే. ఆవిడకది వెంటనే అర్థమైంది. అందుకే అరటిపళ్ళతో లెక్క తేల్చి, తన మజ్జిగని తను విడిపించుకుంది.

అక్కడ నిలబడ్డ నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. వేసవి సెలవుల్లో ఆ ఊరు వెళితే, వీధి వసారాలో మజ్జిగ కుండ ఉండేది. పొలం నుంచి వచ్చినవాళ్ళకీ, దారిన పోయేవాళ్ళకీ లేదనకుండా పోసేది. మా అమ్మమ్మంత దొడ్డ ఇల్లాలు లేదని ఊరంతా చెప్పుకునేది. అబద్ధం కాదు. కానీ ఎలా పోసేదో కూడా నా కళ్ళతో చూశాను. వాళ్ళు మెట్ల కింద వంగి దోసిలి పట్టేవాళ్ళు. అమ్మమ్మ మెట్టు మీద నిలబడి, చెంబు ఎత్తి, ధార తగలకుండా పైనుంచి పోసేది. అన్నేళ్ళలో కొన్ని వందల మందికి పోసి ఉంటుంది. వాళ్ళలో ఒక్కరింట్లోనైనా ఒక్క గుక్క తాగిందా? లేదు. తాగుతుందన్న ఊహ కూడా ఆవిడకి గానీ వాళ్ళకి గానీ వచ్చి ఉండదు.

ఇవ్వడాన్ని మనం చాలా పెద్ద గుణంగా చెప్పుకుంటాం. కానీ ఇచ్చే చెయ్యి పైనే ఉంటుంది కదా, ఆ ఎత్తు మనకి హాయిగా ఉంటుంది. పుచ్చుకోవాలంటే చెయ్యి కిందకి దించాలి. అది చేతకాకే నేను రెండొందలు తీశాను. మజ్జిగ తాగి ఆవిడ కంటే ఒక మెట్టు కింద నిలబడ్డాను. ఆ మెట్టు మళ్ళీ ఎక్కేదాకా నాకు ఊపిరాడలేదు. దానికి 'పాపం పేదవాళ్ళు' అని ముద్దుపేరు పెట్టుకున్నాను.

మరి బ్యాంకావిడ ప్రశ్నకి జవాబేమిటి? లేనివాళ్ళకి డబ్బివ్వకూడదా? ఎందుకివ్వకూడదు! ఇవ్వాల్సిన చోట పైసలతో సహా ఇవ్వాలి. ఇక్కడే జామకాయలతను గుర్తొచ్చాడు. పొద్దున్న అమ్ముకుంటున్న మనిషి దగ్గర ఇరవై రూపాయలు లాక్కున్నాను. మధ్యాహ్నం అమ్మని మనిషికి రెండొందలు ఇవ్వబోయాను. ఆలోచించి చూడండి, మన ఇళ్ళల్లో జరిగేదంతా ఇదే. కూరలమ్మి దగ్గర బేరం, పనిమనిషి జీతం దగ్గర బేరం, రిక్షావాడి దగ్గర బేరం, పండక్కి మాత్రం పాత చీరా, చేతిలో నోటూ. హక్కుగా రావాల్సింది కోసేసి, దయగా పడేస్తాం. రెండింటిలోనూ పైచెయ్యి మనదే.

కుచేలుడి కథ మనందరికీ తెలిసిందే. అందులో నాకు ఎప్పుడూ తట్టని సంగతి ఆ గట్టు మీద తట్టింది. కుచేలుడు సిగ్గుపడి దాచుకుంటుంటే, కృష్ణుడే చొరవగా మూట లాక్కుని అటుకులు తిన్నాడు. తిన్నాక 'ఇందా, దారిఖర్చులకి ఉంచుకో' అని చేతిలో ఏమీ పెట్టలేదు. ఉత్తి చేతులతోనే పంపాడు. సిరి వచ్చిందా, అది ఇంటికి వెళ్ళాక, అటుకుల ఊసు లేకుండా వచ్చింది. ఎదురుగా లెక్క కట్టి ఇచ్చి ఉంటే స్నేహితుడి అటుకులు కాస్తా అంగట్లో అటుకులయ్యేవి. పుచ్చుకోవడం ఎలాగో దేవుడికి తెలిసింది. మనం అతిథి దేవుడన్న మాటే పట్టుకుని, ఆ దేవుడు ఎలా పుచ్చుకున్నాడో చూసుకోవడం మర్చిపోయాం.

సాయంత్రానికి కోటిపల్లి చేరాం. దర్శనం అయ్యాక అక్కడి రైలు పట్టాల సంగతి వచ్చింది. కాకినాడ నుంచి కోటిపల్లికి వేసిన పట్టాలని 1940లో యుద్ధ అవసరాలకని పీక్కుపోయారు. మళ్ళీ వేసింది 2004లో. "అరవై నాలుగేళ్ళకి బాకీ తీర్చారు. నువ్వు పావుగంట కూడా ఆగలేకపోయావు" అని బ్యాంకావిడ నన్ను వేళాకోళం చేసింది. అందరం నవ్వుకున్నాం. పంటు మీద ఏరు దాటుతూ ఆ అరటిపళ్ళు తలా ఒకటి తిన్నాం. డబ్బిచ్చి కొన్నవే కాబట్టి ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. మజ్జిగ మాత్రం ఇప్పటికీ బాకీయే.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఇంటికొచ్చాక నాకు ఇంకొక సంగతి కనిపించింది. చెప్పడానికి మొహం చెల్లడం లేదు, అయినా చెబుతాను.

మా ఇంట్లో పనిచేసే అమ్మాయి ప్రతి సంక్రాంతికీ వాళ్ళింట్లో వండిన అరిసెలు డబ్బాలో పెట్టి తెస్తుంది. "అబ్బ, ఎంత బావున్నాయే" అని పుచ్చుకుంటాను. తను వెళ్ళాక వాటిని కింద వాచ్‌మన్ పిల్లలకి పంపించేస్తాను. ఎందుకూ అని ఎవరైనా అడిగితే, నెయ్యి పడదు, బెల్లం పడదు అని ఏదో చెబుతాను. పక్క వాటా వాళ్ళిచ్చిన అరిసెలు మాత్రం పడతాయి! ఇంకొకటి. ఎవరి గిన్నె వాళ్ళకి ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని అమ్మ నేర్పింది. అందుకని పక్క వాటా వాళ్ళ గిన్నెలో ఇంత పంచదారో, పచ్చడో వేసి ఇస్తాను. ఈ పిల్ల డబ్బాలో మాత్రం యాభై రూపాయల నోటు వేసి ఇస్తూ వచ్చాను. ఇన్నేళ్ళూ! ఆ తేడా నాకు ఒక్కసారి కూడా తేడాగా కనబడలేదు.

ఈ సంక్రాంతికి తను డబ్బా తెచ్చినప్పుడు, వంటింట్లో తన ఎదురుగానే నిలబడి ఒక అరిసె తిన్నాను. నెయ్యి కాస్త ఎక్కువే అయింది గానీ బాగుంది. "ఇంకోటి తినండమ్మా" అంది. తిన్నాను. జీతం పెంచడం గురించి ఆర్నెల్లుగా నానబెడుతున్న సంగతి ఆ నెల ఒకటో తారీఖునే తేల్చేశాను. అది అరిసెలకి జవాబు కాదు, అది వేరే లెక్క. రెంటినీ కలపకూడదని గట్టు కింద నేర్చుకునే వచ్చాను. డబ్బా తిరిగి ఇచ్చేటప్పుడు పక్క వాటా వాళ్ళకి వేసినట్టే మా ఇంటి ఆవకాయ వేసి ఇచ్చాను. నోటు పెట్టలేదు. తను డబ్బా మూత తీసి చూసి, ఏమీ అనలేదు. పెట్టకపోవడం తప్పయిందేమోనని ఆ రాత్రంతా నాకు ఒకటే పీకులాట.

మర్నాడు పొద్దున్న అంట్లు తోముతూ, తల తిప్పకుండానే అంది:

"అమ్మా, మీ ఆవకాయలో ఉప్పెక్కువైందమ్మా. ఈసారి కలిపేటప్పుడు నన్ను పిలవండి."

తొమ్మిదేళ్ళ నుంచీ పనిచేస్తోంది. నా వంటకి వంక పెట్టడం అదే మొదలు. ఇరుగుపొరుగువాళ్ళు తప్ప ఆ మాట ఎవరంటారు చెప్పండి!